సవరణ: ఈ-సంజీవని లాక్‌డౌన్‌లో పుట్టలేదు

మొన్నటి పోస్టులో ఈ-సంజీవనిని (దూరంగా ఉన్న డాక్టరుకి వీడియోలో చూపించుకునే కేంద్ర ప్రభుత్వ సేవ) కరోనా వచ్చాక హడావిడిగా తయారుచేశారని రాశాను. తప్పు నాదే. కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటనలు తిరగేస్తే, ఆరోగ్య కేంద్రం సిబ్బంది పేషెంటును పక్కన కూర్చోబెట్టుకుని వేరేచోట ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడించే పద్ధతి 2019 నవంబరులోనే మొదలైంది, అదీ అందరికంటే ముందు మన ఆంధ్రాలోనే (తయారుచేసింది మొహాలీలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ). లాక్‌డౌన్‌లో, అంటే 2020 ఏప్రిల్ 13న వచ్చింది ఓపీడీ భాగం, ఇంట్లోంచే ఫోన్‌లో డాక్టరుకి చూపించుకునేది. ఉన్నదాన్నే సాగదీశారన్నమాట. గుంటూరులో మా అమ్మ ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి, టోకెన్ నంబరు క్యాలెండరు మీద రాసుకుని బీపీ మాత్రల కోసం వాడింది ఈ రెండోదే, నేను చూసిందీ అదొక్కటే, అందుకే మొత్తం అప్పుడే పుట్టిందనుకున్నా. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.