కళాకారుల రీసర్వే

పోయిన నెల ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. గడ్డం, గుండ్రటి కళ్ళద్దాలు, మంగళగిరి చొక్కా, భుజాన గుడ్డ సంచీ. పార్టీ మనిషో కళాకారుడో చూడగానే తేలలేదు. చందా అడగలేదు కాబట్టి కళాకారుడే అనుకున్నాను. బొమ్మల ప్రదర్శనలు కూర్చే క్యూరేటరట. "మాస్టారూ, మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఇప్పుడు పని చేస్తున్న కళాకారుల మీద మ్యూజియంలో ఒక సర్వే పెడదామనుకుంటున్నాం. సర్వే అనగానే అందరూ మీ పేరే చెప్పారు. సలహా సంఘంలో మీరుండాలి" అన్నాడు.

చెప్పరా మరి! ముప్పయ్యొక్క ఏళ్ళు సర్వేయరుగా చేసి రిటైరైన వాణ్ణి. అరవై ఆరు అడుగుల గుంటర్ గొలుసుతో ఈ రెండు జిల్లాల గట్లన్నీ తొక్కాను. గుంటర్ అనేది నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు లెక్కల పంతులు పేరని ఎంత చెప్పినా, గొలుసు లాగే మా చైన్‌మన్ నమ్మేవాడు కాదు. "గుంటూరు గొలుసండీ, మనదే" అనేవాడు. అంత ప్రాంతాభిమానం ఉన్న శాఖలో పని చేసిన నాకంటే ఈ ప్రదర్శనకు అర్హుడెవడుంటాడు? వెంటనే ఒప్పుకున్నాను. బెజవాడలో సలహా సంఘం అంటే ముందు ఒప్పుకోవాలి, అదేమిటో తరవాత కనుక్కోవాలి.

తరవాతే కనుక్కున్నాను. ఒకే చిత్రకారుడి జీవితమంతా తెచ్చి గోడలకెక్కిస్తే దానికి వేరే పేరుందట. ఒక ప్రాంతంలో పని చేస్తున్న వాళ్ళ దగ్గర నుంచి తలా రెండు బొమ్మలు తెచ్చి ఒక కప్పు కింద పెడితే అది సర్వే. బ్రిటన్‌లో 1979 నుంచి ఇలాంటిది ఐదేళ్ళకోసారి పెట్టి ఊరూరా తిప్పుతున్నారు. కొచ్చిలో 2012 డిసెంబరు 12న మొదలైన బినాలే అనే కళా ప్రదర్శనకి పాత గోదాములే గ్యాలరీలయ్యాయి. ఈ ముక్క వినగానే నాకు ఆవేశం వచ్చింది. వాళ్ళకు గోదాములుంటే మనకు గుంటూరు మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు లేవా? అక్కడ పెడితే ఏ బొమ్మ ముందు నిలబడినా ప్రేక్షకుడి కళ్ళలో నీళ్ళు గ్యారంటీ. రస సిద్ధాంతానికి అంతకంటే ఏం కావాలి? క్యూరేటర్ ఈ సలహాను డైరీలో రాసుకున్నాడు. రాసుకోవడం వరకే అతని పని అని నాకు తరవాత అర్థమైంది.

ఈలోపు కబురు అపార్ట్‌మెంటులో పాకింది. సాయంత్రానికి మూడో అంతస్తు ఆయన పాస్‌బుక్కు పట్టుకుని దిగాడు. "సర్వే అంటున్నారు, మన తుళ్ళూరు ప్లాటుకేమన్నా టెన్షనా అన్నయ్యగారూ?" ఇది బొమ్మల సర్వే అన్నాను. ఆయన ఇంకా భయపడ్డాడు. "బొమ్మలకు కూడా రాళ్ళు పాతుతున్నారా?" ఆయన్ను తప్పు పట్టలేం. రాజధాని కోసం ఇరవై తొమ్మిది ఊళ్ళ పొలాలు కాగితాల మీద ప్లాట్లుగా మారిన చోట, ఆ తరవాత డ్రోన్లతో ఊరంతా రీసర్వే జరిగిన చోట, సర్వే అన్న మాటకు జనం ముందు గట్టు చూసుకుంటారు, ఆ తరవాతే గోడ.

మొదటి సమావేశంలో హద్దులు తేల్చాలన్నాను. హద్దులు లేని సర్వే నా సర్వీసులో చూడలేదు. కళాకారుడు ఏ ప్రాంతం వాడు? ఇది తేలిగ్గా తేలే లెక్క కాదు. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. ఆ రోజు పొద్దున లేచేసరికి కొండపల్లి బొమ్మ ఎన్టీఆర్ జిల్లాకు, పెడన కలంకారీ కృష్ణా జిల్లాకు, మంగళగిరి చీర గుంటూరుకు, దుర్గి రాతి శిల్పం పల్నాడుకు వెళ్ళిపోయాయి. స్తూపమున్న అమరావతి పల్నాడులో ఉంది, అదే పేరున్న రాజధాని గుంటూరులో ఉంది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరేమో ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణాలో ఉంది. పెద్దాయనకే సొంత జిల్లాలో స్థానికత నిరూపించుకునే వీలు లేనప్పుడు, మామూలు చిత్రకారుడు రెసిడెన్స్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? గుడివాడలో పుట్టి చికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు లాంటి వాళ్ళను ఏ గట్టున చూపించాలి? ఎన్నారై కోటా పెడదామని ఒక సభ్యుడు అన్నాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ నడుపుతాడు, వేరే పరిష్కారం ఆయనకు తట్టదు.

సమకాలీనుడెవరు అన్నది రెండో చిక్కు. బతికున్న వాడు అన్నాడు క్యూరేటర్. ఈ నిర్వచనం ఇంగ్లీషులో బాగానే ఉండొచ్చు, బందరు రోడ్డు మీద పని చెయ్యదు. మన దగ్గర కళాకారుడికి గుర్తింపు ఫొటోకి దండ పడ్డాకే మొదలవుతుంది. అంతవరకూ అతను "మా కాలేజీ డ్రాయింగ్ మాస్టారు". దండ పడ్డ మర్నాడు "తెలుగు జాతి గర్వించదగ్గ చిత్రకారుడు". దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ప్రపంచ చిత్రకళ మీద జీవితాంతం రాశాడు, ఎక్కడో కులూలో ఉన్న రష్యన్ చిత్రకారుడు రోరిక్‌తో స్నేహం చేశాడు. ఆ పల్లెటూళ్ళో ఉండే ఈ ప్రాంతానికి అంత పెద్ద చూపు ఇచ్చిన మనిషి గురించి సమావేశంలో ఎత్తితే, ఒకరు "ఆయన ఏ మండలం?" అని అడిగారు. (నిజాయితీగా ఒప్పుకోవాలి, ఆ ప్రశ్న వేసింది నేనే. అలవాటు.)

ఇక వర్గీకరణ. రెవెన్యూ వాళ్ళు భూమిని ఎలా విడగొడతారో కళాకారులనూ అలాగే విడగొట్టాను. బరోడాలోనో హైదరాబాదులోనో ఫైనార్ట్స్ డిగ్రీ చేసి వచ్చిన వాడిది పట్టా భూమి. అకాడమీ గ్రాంటు మీద బొమ్మలేసేవాడిది అసైన్డ్, తేలిగ్గా అమ్ముకోవడానికి వీల్లేదు, అయినా కొనేవాడు లేడు కాబట్టి ఇబ్బంది లేదు. గోడల మీద వేసేవాడిది పోరంబోకు. 2016 కృష్ణా పుష్కరాలకు నగరం గోడల నిండా రంగుల బొమ్మలు వేయించారు. తరవాత వాటిలో చాలా వాటి మీద ట్యూషన్ పాంప్లెట్లు, మొలల చికిత్స పోస్టర్లు వెలిశాయి. పోరంబోకు అన్నాక ఆక్రమణ తప్పదు.

నాలుగో రకమే చాలా పెద్దది. మా శాఖ వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మిగతా వాళ్ళ కోసం చెబుతాను. బ్రిటిష్ కాలంలో సెటిల్‌మెంట్ రిజిస్టర్ రాసేటప్పుడు కొన్ని భూములకు హక్కుదారు పేరు రాయాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. దున్నేవాడు పొలంలో ఉన్నాడు, రికార్డులో చుక్కలున్నాయి. వాటినే చుక్కల భూములంటారు. వాటి చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది. మన ప్రాంతంలో కళాకారుల్లో ఎక్కువమంది చుక్కల కళాకారులు.

కొండపల్లి బొమ్మ తీసుకోండి. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అవయవాలు అతికి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు మీది మావటివాడి మీసం వేలెడంత కూడా ఉండదు, ఆ మీసం దిద్దడం కంటే కష్టమైన బ్రష్ పని నాకు తెలియదు. ఆ బొమ్మ కొన్నవాడిని ఎవరు చేశారు అని అడగండి. "కొండపల్లి" అంటాడు. ఊరు పేరే సంతకం. ఇప్పుడు తెనాలి వెళ్ళండి. కాలవ గట్టున నిలబెట్టే నాయకుల విగ్రహాలు అక్కడ ఎన్ని తయారయ్యాయో లెక్క లేదు. పాత బోల్టులు, గేర్లు, బైకు చెయిన్లు వెల్డింగు చేసి నిలువెత్తు మనుషుల్ని చేస్తారక్కడ. ఆ విగ్రహం ఏ ఊరి సెంటర్లో లేచినా కింద నల్ల రాతి పలక ఉంటుంది. ఆవిష్కర్త పేరు, అధ్యక్షుడి పేరు, విశిష్ట అతిథుల పేర్లు, విరాళమిచ్చిన వాళ్ళ పేర్లు, తేదీ, తిథి. చేసినవాడి గడిలో చుక్కలు. చుక్కలు కూడా కాదు, అసలు గడే ఉండదు.

దీన్ని కొత్త దురలవాటని తిట్టేవాళ్ళు చరిత్ర చదవని వాళ్ళు. ఇది రెండు వేల ఏళ్ళ సంప్రదాయం. అమరావతి స్తూపం పలకల మీద బ్రాహ్మీ అక్షరాల్లో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. తోలు పని చేసే విధికుడనే ఆయన తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం పలక ఇచ్చాడని ఇవాళ్టికీ చదువుకోవచ్చు. చాలా సంతోషం. ఆ ఘటం నోట్లోంచి తామరలు అలా విరిసేటట్టు రాయిని ఒప్పించినవాడెవడు? చుక్కలు. స్పాన్సర్ పేరు పైన, పనివాడి పేరు ఎక్కడా లేకుండా, అప్పుడే మనం పద్ధతి ఖరారు చేసుకున్నాం.

అమరావతి మాట వచ్చింది కాబట్టి, ఈ ప్రాంతంలో కళకు జరిగిన మొదటి సర్వే సంగతి కూడా సంఘం ముందు పెట్టాను. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి హయాంలో దీపాలదిన్నె అనే దిబ్బ (ఆ స్తూపం అదే) తవ్వి రాళ్ళు కొత్త కట్టడాలకు వాడుతున్నారు. 1790ల చివర్లో అక్కడికి కాలిన్ మెకంజీ వచ్చాడు. ఆయన మా శాఖ మనిషే. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అయ్యాక మళ్ళీ డ్రాఫ్ట్స్‌మెన్‌ను వెంటబెట్టుకుని వచ్చి ఒక్కో పలక బొమ్మ గీయించాడు. కొలతలు అద్భుతం, గీత అద్భుతం, వృత్తిపరంగా వంక పెట్టడానికి లేదు. ఆ వెనక 1845లో కంపెనీ దొర వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసు పంపాడు. వాటిలో చాలా వాటిని లండన్ ఓడ ఎక్కించారు. ఇప్పుడు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. బెజవాడ మనిషి అమరావతి శిల్పం బాగా చూడాలంటే ఒకదానికి చెన్నై రైలెక్కాలి, ఇంకోదానికి వీసా తీసుకోవాలి. సర్వేయరు వచ్చి బాగా కొలిచాడంటే ఆ సరుకు కదలబోతోందని అర్థం చేసుకోవాలని మా పాత తహసీల్దారు అనేవాడు. ఈ మాటకు సలహా సంఘంలో ఎవరూ నవ్వలేదు. తుళ్ళూరు ప్లాటున్న వాళ్ళు ముగ్గురున్నారు.

ఫ్లెక్సీ డిజైనర్లను చేర్చాలా వద్దా అన్నదాని మీద రెండు గంటలు గడిచాయి. నేను చేర్చాలన్నాను. ఒక్క ఫ్లెక్సీలో నలభై తలలు ఇరికించడం మాటలా? అగ్రనేత తల మూడడుగులు, జిల్లా నాయకుడిది అడుగున్నర, పుట్టినరోజు కుర్రాడిది నడుంతో సహా, మిగతా ముప్పయ్యేడూ పాస్‌పోర్టు సైజు. హోదాను బట్టి మనిషి ఎత్తు నిర్ణయించే ఈ పద్ధతి పాత శిల్పాల్లో ఉంటే విమర్శకులు పేజీలు రాస్తారు, బెంజి సర్కిల్లో ఉంటే మున్సిపాలిటీకి ఫిర్యాదు రాస్తారు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ నిర్ణయానికి అభినందనలు చెబుతూ ఫ్లెక్సీ కట్టకుండా మనవాళ్ళు ఎలా ఆగారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. క్యూరేటర్ మాత్రం ఒప్పుకోలేదు. ఫ్లెక్సీ వాళ్ళకు ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ లేదన్నాడు. అంటే, తను వేసిన బొమ్మ ఎవరికీ అర్థం కాకుండా చిత్రకారుడే స్వయంగా రాసిచ్చే కాగితం. నేనొకటి చదివాను. "ఈ కృతి అవకాశానికీ అనుపస్థితికీ మధ్య గల సంభాషణ" అని ఉంది. బొమ్మలో గేదె ఉంది.

ప్రారంభోత్సవానికి రిహార్సల్ కూడా చేశాం. ఆహ్వాన పత్రికలో ముప్పయ్యారు మంది అతిథుల పేర్లు పట్టాయి, కళాకారుల పేర్లకు చోటు చాల్లేదు, "తదితరులు" అని సర్దాం. వేదిక వెనక ఇరవై అడుగుల బ్యానర్ కడితే దాని వెనకాల నాలుగు పెద్ద కాన్వాసులు పడిపోయాయి. శాలువాలు మొత్తం ఎన్ని కావాలో లెక్క తేలింది, బొమ్మలు మొత్తం ఎన్నో ఇంకా తేలలేదు. ముఖ్య అతిథి తరఫున ముందస్తు పరిశీలనకు వచ్చిన పెద్దమనిషి ఒక నీలం కాన్వాసు ముందు చాలాసేపు ఆగాడు. క్యూరేటర్ ముఖం వెలిగింది. పెద్దమనిషి దిక్సూచి తీసి చూసి, "నైరుతి గోడకు నీలం పనికిరాదు, మార్పించండి" అని చెప్పి టిఫినుకి వెళ్ళాడు.

చివరికి గుమ్మం మీద కట్టే బోర్డు మిగిలింది. అచ్చు వేయించింది బాగాలేదని, చేత్తో రాయిద్దామని, ఆటోనగర్లో లారీల మీద పేర్లు రాసే పెయింటర్ని పిలిచారు. యాభై దాటాయి. చాక్‌పీసు ముక్కతో ఒక దారం లాగి గీత కొట్టుకుని, ఇంక ఎక్కడా కొలవలేదు. నేను పక్కనే టేపుతో నిలబడ్డాను. "సమకాలీన" అన్న మాటలో ఐదక్షరాలకూ మధ్య ఖాళీ సమానంగా వచ్చింది. లకారానికి గుడి దీర్ఘం తిప్పినప్పుడు లోపల మ్యూజియంలో ఉన్న వాళ్ళంతా బయటకొచ్చి చూశారు, మొత్తం సర్వేలో అందరూ కలిసి ఒక గీతను చూడటం అదొక్కసారే. అయిపోయాక కింద కుడి మూల తన పేరు, దాని పక్కన ఆర్ట్స్ అని, దాని కింద పది అంకెల ఫోన్ నంబరు రాశాడు.

సంఘం కార్యదర్శి వచ్చి, అక్కడ స్పాన్సర్ల లోగోలు రావాలి, చెరిపెయ్యమన్నాడు. నేను నోరెత్తలేదు. టేపు చుట్టుకుంటున్నాను.

పెయింటర్ కిరసనాయిలు గుడ్డతో పేరు తుడిచాడు. నంబరు అలాగే వదిలేశాడు. "పేరుదేముందండీ, పని కావాల్సినోళ్ళు ఫోన్ చేస్తారుగా" అన్నాడు, డబ్బులు లెక్క పెట్టుకుంటూ.

మా గేటు మీద ఇంటి పేరు రాయిద్దామని మొన్న ఆ నంబరుకు చేశాను. రెండు లారీలు, ఒక ట్రాక్టరు, ఆరు వినాయక చవితి బోర్డులు ఉన్నాయట. దసరా దాకా ఖాళీ లేదన్నాడు.