ఊచల అవతల రెక్క

పాత కిటికీ వాన రోజు ఊడదు. వాన రోజు ఊడితే నేరం తుఫాను మీదికి తోసేసి పరువు దక్కించుకోవచ్చు. ఎండ కాస్తున్న ఆదివారం, వియ్యాలవారి తరఫువాళ్లు మొదటిసారి ఇంటికొచ్చి కూర్చున్నాక, కరెంటు పోయాక, "ఆ కిటికీ కాస్త తియ్యండి, గాలాడుతుంది" అని పెద్దాయన అన్నాక, అప్పుడు ఊడుతుంది.

నెల్లూరు మూలపేటలో మేడ మీద వాటా. తూర్పు కిటికీ, 4 అడుగుల ఎత్తు, రెండు రెక్కలు. గడియ తీసి అరచేత్తో ఒక్క తోపు తోశాం. తెరుచుకుంది. ఇంకా తెరుచుకుంటూనే పోయింది.

ఇక్కడ కాసేపు కథ ఆపి ఊచల సంగతి చెప్పుకోవాలి. పాత ఇళ్లలో ఊచలు దర్వాజాలోనే, అంటే కిటికీ చుట్టూ ఉండే చెక్క చట్రంలోనే, దిగేసి ఉంటాయి, రెక్కలు వాటికి అవతల వీధివైపు తెరుచుకుంటాయి. దొంగ లోపలికి రాకూడదని చేసిన ఏర్పాటది. అందులో ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది: ఊడిన రెక్క కూడా లోపలికి రాదు. ఊచకీ ఊచకీ మధ్య 4 అంగుళాల సందు. అందులోంచి మోచెయ్యి దాకా దూర్చి పిడి పట్టుకున్నాం. టేకూ అద్దమూ కలిసి ఎనిమిది కిలోల పైమాటే, గాల్లో వేలాడుతోంది. లాగితే ఊచలు అడ్డం. వదిలితే కింద చేపలామె గంప.

ఆమె తలెత్తి చూసింది. "ఏంది సార్, కిటికీ అమ్ముతుండారా?"

గంప కాస్త పక్కకి జరపమ్మా అంటే జరపదు. వంజరం తూకంలో ఉంది. తూకం ముగిసి, బేరం ముగిసి, ముక్కలు కొయ్యడం మొదలయ్యేదాకా ఆ రెక్క ఆకాశంలోనే. పెద్దాయన సాయానికొచ్చి పక్క సందులోంచి తనూ చెయ్యి దూర్చారు. వియ్యాలవారి తరఫున ఆయన, మన తరఫున మనం, ములాఖత్‌కి ఎవరూ రాని ఇద్దరు ఖైదీల్లా ఊచలు పట్టుకుని నిలబడ్డాం. పోనీ మౌనంగా ఉన్నారా, "ఇది బర్మా టేకా?" అని అడిగారు. ఎవరో తాడు తెండన్నారు. ఇంట్లో ఉన్న తాడల్లా బట్టలారేసిందే, క్లిప్పులూ లుంగీలతో సహా వచ్చింది. రెక్క ఎలా దిగిందో వదిలేద్దాం. లుంగీ మాత్రం గంపలోకే దిగింది.

ఇక పోస్టుమార్టం. రెక్కని దర్వాజాకి పట్టి ఉంచే బందులు మూడు. మిగ్‌జాం తుఫాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిందా, ఆ వానల్లో తడిసినప్పటి నుంచీ ఈ రెక్క కింది మూల దర్వాజాకి రాసుకుంటూనే ఉంది. పిలిస్తే ఒక మేస్త్రి వచ్చి, కింద చిత్రిక పట్టి, "ఇంక చూసుకోబళ్లా" అని డబ్బులు తీసుకుపోయాడు. చూసుకోవాల్సింది కింద కాదు మహానుభావా! రెక్క బరువు పైబందుని దర్వాజాలోంచి బయటికి పీకుతుంటుంది, కింది బందుని లోపలికి నొక్కుతుంటుంది. కింది మూల రాసుకుంటోందంటే పైబందు స్క్రూలు వదులైనట్టే. బెజ్జంలో వెదురు పుల్లకి ఫెవికాల్ రాసి దిగగొట్టి, ఆరాక మళ్లీ స్క్రూ బిగిస్తే అయిపోయేది. పైగా డిసెంబర్‌లో చెక్క ఉబ్బి ఉంటుంది. అప్పుడు చిత్రిక పడితే మే నెలకి ఆ సందులోంచి బల్లి తల వంచకుండా నడిచిపోతుంది.

అసలు ఏ కిటికీని బాగుచేయించాలి, దేన్ని పీకించాలి అన్నది తేల్చడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు. దర్వాజా కింది మూలల్లో, నిలువు చెక్క అడ్డచెక్కని కలిసే చోట గుచ్చాలి. పెయింటు మాత్రం గీరుకుంటే చెక్క బాగున్నట్టు, రెక్కలు మార్చుకుంటే సరిపోతుంది. అర అంగుళం మెత్తగా దిగిందంటే దర్వాజా పోయినట్టే, దానికి కొత్త రెక్కలు బిగించడం పుచ్చిన పంటికి బంగారు తొడుగు. పిడితో కొడితే డొల్ల చప్పుడొస్తే లోపల చెదలు కాపురముంటున్నాయి. ఊచ దిగిన చోట చెక్క నిలువునా చీలితే ఇనుము తుప్పుపట్టి ఉబ్బిందని అర్థం. మన దగ్గర పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం గాలితో కొడతాయి, కాబట్టి ముందు తూర్పు, ఉత్తరం కిటికీలు చూడాలి. మా దర్వాజాలో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. దిగదా మరి! కింద చీమకుర్తి గ్రానైటు పలక వేయించి, నక్షత్రాల్లాంటి మెరుపు చూసి మురిసిపోయామే గానీ, బయటికి వాలు పెట్టారా అని ఒక్కరమూ చూడలేదు. సమంగా పరిచిన పలక మీద నీళ్లు దర్వాజా పాదాల దగ్గరే నిలుస్తాయి.

సరే, చెక్క మానేసి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీ, పెట్టిద్దామనుకున్నాం. స్లైడింగ్ వద్దన్నాం. ఈదురుగాలికి వాన దాని పట్టాలో నిండుతుంది, నీళ్లు పోయే బెజ్జాలు సిమెంటుతో పూడితే మడుగు గదిలోకే దిగుతుంది. తలుపులా తెరిచేదే కావాలన్నాం, ఫ్రేము లోపల జింకు పూత ఉక్కు ఉందో లేదో కోసిన ముక్కలో చూపించమన్నాం. ఇన్ని తెలిసినవాళ్లం కొలతల దగ్గర నోరు మూసుకున్నాం. వెడల్పు పైన, మధ్యన, కింద, ఎత్తు కూడా మూడుచోట్ల కొలిచి, అన్నిట్లో తక్కువది తీసుకుని, అందులోంచి 10 మిల్లీమీటర్లు తగ్గించి ఫ్రేము చెయ్యాలి. పాత గోడ కంత ఎప్పుడూ నలుచదరం కాదు. వచ్చిన కుర్రాడు టేపు ఒక్కసారి పైన ఆనించి, "నాలుగు నాలుగు సార్, స్టాండర్డే" అని ఫోన్లో కొట్టుకుని పోయాడు.

ఇన్నాళ్లూ ఆ కంతకి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది, మొహం లోపలివైపుకి. ఈ పొద్దున కొత్త కిటికీ వచ్చింది. పైన సరిగ్గా పట్టింది, కింద 12 మిల్లీమీటర్లు ఎక్కువ. కుర్రాడు సుత్తి పట్టుకుని, "గోడ కొట్టమంటారా సార్?" అంటున్నాడు. వీధిలో చేపలామె గంప దించుతోంది.