మిలిటరీ లారీకి ఏ రంగు వేయాలి?

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి వెంట లారీ అంటే బతుకుదెరువు. ఘాట్ దిగువన సాలూరు పట్టణం లారీ యజమానుల మీద, బాడీలు కట్టే షెడ్ల మీద, మేస్త్రీల మీద ఆధారపడి పెరిగింది. ఎగువన ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడలలో స్థిరపడిన తెలుగువారిలోనూ స్టీరింగ్ పట్టి సంసారాలు ఈదినవారు ఎందరో ఉన్నారు. అటువంటి చోట ఒక పాత సైనిక లారీని కిరాయికి కాక, కేవలం ముచ్చటపడి కొంటానంటే విన్నవారు ముందు నవ్వుతారు, ఆ తరువాత డీజిల్ ఎంత తాగుతుందని అడుగుతారు. రెండూ సబబే. అయితే అంతకంటే చిక్కు ప్రశ్న ఒకటుంది: దానికి ఏ రంగు వేయాలి?

మన దేశంలో పాత సైనిక లారీ అనగానే గుర్తొచ్చేది శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో మొదలైన దీని తయారీ 1996 వరకూ సాగింది. అదే ఊళ్లోని వాహన కర్మాగారం నిస్సాన్ నమూనాలో ఒక టన్ను బండినీ, 3,956 సీసీ పెట్రోలు ఇంజనుతో జోంగా అనే జీపు తరహా బండినీ తయారు చేసింది. సైన్యం పక్కన పెట్టిన వాహనాలు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలాల ద్వారా బయటికి వస్తుంటాయి. ఈశాన్య రాష్ట్రాలలో శక్తిమాన్లు కొండవాలుల్లో కలప మోసి మోసి అరిగిపోయాయి. ముచ్చట కోసం కొనేవారు అక్కడి పని సామర్థ్యాన్ని చూసి మురిసిపోవడం సహజమే కానీ, బండిని నిలబెట్టుకోవడం వేరే విద్య.

ఆ కాలపు బరువు వాహనాలలో చాలావాటికి సింక్రోమెష్ గేర్లు, అంటే వేగాలను వాటంతటవే కలుపుకునే గేర్లు, లేవు. గేరు దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ అందించి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. డ్రైవర్లు దీన్నే డబుల్ క్లచ్ అంటారు. మైదానంలో అది తప్పితే పళ్లు గరగరమంటాయి, అంతే. సుంకి దిగుడులో తప్పితే బండి న్యూట్రల్‌లో ఉండిపోయి, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. టాటా-మెర్సిడెస్ లారీలు తోలిన పాతతరం డ్రైవర్ల కాళ్లలో ఈ లెక్క ఇప్పటికీ ఉంది. సరదాపడే కొత్తవారు ఎవరి దగ్గరైనా నేర్చుకోదలిస్తే వారి దగ్గరే నేర్చుకోవాలి. ముందు చక్రాలకూ ఇంజను బలాన్ని అందించే ఫోర్‌వీల్ డ్రైవ్ సంగతీ అంతే, ఎక్కడ వేయాలో తెలియాలి. మలుపులో ముందు చక్రాలూ వెనుక చక్రాలూ సమాన దూరం తిరగవు. బురదలో అయితే టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది, పొడి తారురోడ్డు మీద ఆ వెసులుబాటు లేక ఒత్తిడంతా గేర్లకూ యాక్సిళ్లకూ చేరుతుంది. అలాగని షెడ్డులోనే ఉంచినా సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

ఇక చట్టం. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మారకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు రూ.20,000 రుసుముతో ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు; అది పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతులకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఈ నిబంధనలు రాసినవారి మనసులో మెరిసే పాత కారు ఉందే తప్ప, వెనుక జంట టైర్లతో ఆరు చక్రాల సైనిక లారీ ఉన్నట్టు లేదు. ‘తొలి రిజిస్ట్రేషన్’ అన్న మాటా సరిగా అతకదు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ బండికి పైకి చూసే బాణం గుర్తు, సేకరించిన ఏడాదిలోని చివరి రెండంకెలు ఉన్న నంబరే ఉంటుంది. ఆర్టీఓ నంబరు వచ్చేది వేలం తరువాత. వయసును వేలం నుంచి కాక ఆ రెండంకెల నుంచి లెక్కించడమే న్యాయమని నా అభిప్రాయం. అలా లెక్కించినా, 1996లో చివరిగా తయారైన శక్తిమాన్ వింటేజ్ అయ్యేది 2046లో!

అసలు వైరుధ్యం రంగు దగ్గర ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు నిషేధించింది. అంటే ఒక నిబంధన అసలు రూపం కావాలంటుంది, మరొకటి ఆ రూపంలో కంటికి మొదట ఆనేదాన్నే తుడిచేయమంటుంది. నగరాలలోని అభిమానులకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కోరాపుట్, మల్కన్‌గిరి దారులలో మాత్రం ఆ రంగుకు వేరే అర్థం ఉంది. 2008 జూలైలో మల్కన్‌గిరి జిల్లాలో మావోయిస్టులు మందుపాతర నిరోధక పోలీసు వాహనాన్నే పేల్చివేశారు. అలాంటి దారిలో దూరం నుంచి చూసేవారికి లోపల కూర్చున్నది జవానా, సరదారాయుడా అన్నది తెలియదు. చెక్‌పోస్టులో నిలబడిన జవానుకూ అదే ఇబ్బంది. అందుకే 121వ నిబంధనను సడలించమని కోరేవారితో నేను ఏకీభవించను. సడలించవలసినది వింటేజ్ నిర్వచనాన్ని: సైన్యం విడిచిన వాహనానికి రంగు మార్పును అసలు రూపానికి భంగంగా పరిగణించబోమని ఒక్క వాక్యం చేర్చి, సరకు మోయని సైనిక లారీకీ అందులో చోటు కల్పిస్తే సరిపోతుంది.

అంతవరకూ ఇక్కడ బండి కొనదలచినవారు వేలం పత్రాలను బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు ముందే చూపించి, ఆర్సీలో ఏ రంగు నమోదవుతుందో తెలుసుకున్నాకే డబ్బు కట్టడం మేలు. ఇటుక రంగో, బూడిద రంగో వేయించి, బాణం గుర్తు పలకను బంపరు నుంచి విప్పి ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు.