అడ్డంగా ఉందని తీసేశాం సార్

మా అపార్ట్‌మెంటు గేటు కింది పట్టీ తుప్పు పట్టి ఊడిపోతే వెల్డింగ్ షెడ్డు నుంచి మేస్త్రి వచ్చాడు. వెంట ఒక కుర్రాడు. కుర్రాడి చేతిలో ఇనుము కోసే గ్రైండింగ్ మిషన్, నాలుగంగుళాల డిస్కుది. దాన్ని చూడగానే బాసికం లేని పెళ్లికొడుకుని చూసినట్టు ఏదో వెలితిగా అనిపించింది.

"గార్డు ఏదయ్యా?" అన్నాను.

మేస్త్రి నావైపు జాలిగా చూశాడు. ఫ్యాను కింద కూర్చుని పనిచేసే వాళ్లకు ఇలాంటి సందేహాలు వస్తుంటాయని అతనికి తెలుసు. "అడ్డంగా ఉందని తీసేశాం సార్" అన్నాడు.

పాఠకులు ఇక్కడ కాస్త ఆగాలి. అడ్డంగా ఉండటం తప్ప ఆ వస్తువుకు వేరే ఉద్యోగం లేదు. ఇనుప రేకును అర్ధచంద్రాకారంలో వంచి, తిరిగే డిస్కుకూ మనిషి మొహానికీ మధ్య అడ్డంగా నిలబడమని నియమించారు. అది అలాగే నిలబడింది. లంచం అడగలేదు, సెలవు పెట్టలేదు, టీకి వెళ్లలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసిన నేరానికి ఉద్యోగం పోగొట్టుకున్న వాళ్లలో కొందరు నిజాయితీపరులైన తాసీల్దార్ల తర్వాత ఈ గార్డుదే స్థానం.

ఇదే మేస్త్రి ఇంట్లో కొబ్బరి పచ్చడి వేయాల్సి వస్తే మిక్సీకి మూత పెట్టకుండా స్విచ్ వేస్తాడా? చచ్చినా వేయడు. పచ్చడి గోడకు కొడుతుంది. గోడ పాడవుతుంది. భార్య చేత మాట పడాలి. మూత పెట్టి, పైన అరచెయ్యి ఆనించి, మొహం పక్కకు తిప్పి మరీ వేస్తాడు. పచ్చడి విషయంలో మన జాతి తీసుకునే జాగ్రత్త చూస్తే గర్వంగా ఉంటుంది.

ఈ గ్రైండింగ్ మిషన్ 1954లో జర్మనీలో పుట్టింది. ఫ్లెక్స్ అనే కంపెనీ చేసింది కాబట్టి అక్కడి జనం ఇప్పటికీ దాన్ని ఫ్లెక్స్ అనే పిలుస్తారు. మన బజార్లో ఏజీ ఫోర్, ఏజీ సెవెన్. ఏజీ అంటే యాంగిల్ గ్రైండర్, అంకె డిస్కు అంగుళాలది. పాపం జర్మన్లు ఇన్నేళ్లుగా గార్డు పెట్టుకునే నెట్టుకొస్తున్నారు. మా మేస్త్రి ఒక్కసారి వెళ్లి ఆ స్క్రూ ఎలా విప్పాలో చూపించి ఉంటే ఆ దేశం ఈపాటికి ఎక్కడికో పోయేది.

నాలుగంగుళాల మిషన్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క కడితే డిస్కు అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటితే ఫొటో తీసి ఇంటికి చలానా పంపిస్తారు. ఇక్కడ 200 వేగంతో, బొడ్డుకు జానెడు దూరంలో, నోట్లో బీడీతో నడుపుతుంటే అడిగే నాథుడు లేడు.

మా తోడల్లుడి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి న్యాయం జరగదు. చదువుకున్న వాళ్లకు ఈ జబ్బు లేదనుకునే వారి కోసం చెబుతున్నాను. అతను సాఫ్ట్‌వేర్. మేడ మీద మొక్కల కుండీలకు ఇనుప స్టాండు సొంతంగా చేసుకుంటానని ప్రతిన పట్టాడు. బయట కొంటే మూడు వేలు. సొంతంగా చేస్తే మిషన్‌కు, డిస్కులకు, పైపులకు, కుట్లకు కలిపి ఎంతవుతుందో లెక్క వేసుకోలేదు. నన్ను తోడు తీసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ బజారుకు బయల్దేరాడు.

దారి పొడవునా నాకు తెలిసింది చెప్పాను. ఇంటి పనికి నాలుగంగుళాలది చాలు, మరీ ఉబలాటంగా ఉంటే ఐదు. ఏడు వందల వాట్లో, ఎనిమిది వందల వాట్లో ఉంటే సరిపోతుంది. తొమ్మిదంగుళాల జోలికి పోవద్దు, అది ఐదు కిలోల దాకా తూగుతుంది, ఎదురు తిరిగిందంటే నువ్వు దాన్ని పట్టుకోవు, అదే నిన్ను పట్టుకుంటుంది. రంగు కాదు, స్విచ్ చూడు. ముందుకు జరిపితే అలాగే నిలిచిపోయే స్విచ్ అనుకో, పని మధ్యలో కరెంటు పోతుంది. నువ్వు మిషన్‌ని నేల మీద పెట్టి టీకి వెళతావు. కరెంటు వస్తుంది. అది మేడంతా తిరిగి నిన్ను వెతుక్కుంటుంది. అందుకని నొక్కి పట్టుకున్నంత సేపే తిరిగేది తీసుకో. లేదంటే కరెంటు తిరిగొచ్చినా మళ్లీ స్విచ్ వేసేదాకా కదలనిది అడుగు. పలచటి డిస్కు కోయడానికే, దాని చెంపతో అరగదీయకు. అరగదీయడానికి మందపాటిది వేరే ఉంటుంది. 

అతను ఊఁ కొడుతూ అంతా విన్నాడు. షాపులోకి వెళ్లి, "ఎర్ర రంగులో ఉన్నాయా?" అని అడిగాడు.

షాపతను పెట్టె విప్పి మిషన్ బయటికి తీశాడు. గార్డును మాత్రం వేరుగా కౌంటరు మీద పెట్టి, "ఇదెలాగూ తీసేస్తారు కదా సార్, కవర్లో వేసేయనా?" అన్నాడు. పెళ్లికి ముందే విడాకుల కాగితాలు చేతిలో పెట్టినట్టుంది. మా తోడల్లుడు పెద్దమనిషి కాబట్టి కవర్లో వేయించుకున్నాడు.

మర్నాడు ఆదివారం, మేడ మీద కార్యక్రమం. పైపు లావుగా ఉంది, నాలుగంగుళాల డిస్కు ఒక్క కోతలో అవతలికి దిగడం లేదు. పైపును తిప్పి రెండో వైపు నుంచి కోస్తే సరిపోయేది. కానీ ఫోన్‌లో ఎవరో మహానుభావుడు ఏడంగుళాల డిస్కు వేస్తే పని చిటికెలో అవుతుందని చూపించాడట. పరుగున వెళ్లి ఏడంగుళాలది తెచ్చాడు. గార్డు ఉంటే అది పట్టదు. గార్డు ఎలాగూ కవర్లో ఉంది. తర్వాత చూస్తే డిస్కు మధ్య రంధ్రం 22 మిల్లీమీటర్లు, ఈ మిషన్ మీద డిస్కు కూర్చునే చోటు 16. వదులుగా ఊగుతోంది. ఇక్కడ ఇంజినీరింగ్ చదువు పనికొచ్చింది. మిషన్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం ఉంటుంది కదా, అందులో ఒక కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, ఆ సందులో దోపాడు. నేను వంగి చూశాను. పెద్ద సైజు డిస్కు వాడరాదని బొమ్మ వేసి కొట్టివేసిన కాగితం అది. మన దగ్గర మాన్యువల్ ఎవరూ వాడరని అనకండి.

"కళ్లజోడు పెట్టుకో" అన్నాను.

"చత్వారం అద్దాలున్నాయి కదా అన్నయ్యగారూ" అన్నాడు.

పైపు చివర హవాయి చెప్పు వేసి తొక్కి పట్టాడు. పక్క హ్యాండిల్ బిగించలేదు, అదీ అడ్డమే. ఒక కన్ను పూర్తిగా మూశాడు, రెండోది సగం. ఏడంగుళాల డిస్కు మీద 8,500 చుట్లు మించరాదని అచ్చు వేసి ఉంటుంది. మిషన్ తిరిగేది 11,000. అంచు వేగం గంటకు 370 దాటుతుంది. ఆ డిస్కు తట్టుకుంటానని మాటిచ్చింది 288కే. స్విచ్ వేశాడు. మిషన్ పూనకం వచ్చినట్టు ఊగింది. పైపుకు ఆనించాడు. ఫట్‌మని ఒక చప్పుడు. నేను తులసి కోట వెనక ఉన్నాను కాబట్టి మిగతాది చూడలేదు. లేచి చూస్తే మా తోడల్లుడు నిలబడే ఉన్నాడు, మిషన్ చేతిలోనే ఉంది, డిస్కు మాత్రం లేదు. ఎక్కడా లేదు. కాసేపటికి పక్కింటి మేడ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి సన్నగా నీటి ధార మొదలైంది. ట్యాంకు ఉన్న దిక్కు కాకుండా తను ఉన్న దిక్కున ముక్క వచ్చి ఉంటే ఏం జరిగేదో తేల్చుకోవడానికి అతనికి ఎంతసేపు పట్టిందో గానీ, మొదట అన్న మాట మాత్రం ఇది: "డిస్కు నాసిరకం."

డిస్కు తప్పేం లేదు. అది రాయి కాదు, రెజిన్‌తో అతికించిన గరుకు పొడి. మూడేళ్లకు ఆ పట్టు సడలుతుందనే మధ్యలో ఉండే ఇనుప రింగు మీద ఎప్పటిదాకా వాడవచ్చో కొట్టి ఉంటారు. పాల ప్యాకెట్ మీద తేదీ వెలుతురుకు పట్టి చూసే మనిషికి అది కనపడలేదు. ట్యాంకు ఖర్చుతో కలిపి మొక్కల స్టాండు పదకొండు వేలు తేలింది. ఇంకా పూర్తి కాలేదు.

నాలుగంగుళాల మిషన్‌కు పళ్లున్న చెక్క బ్లేడు బిగించే వాళ్ల గురించి రాయకూడదనుకున్నాను, బీపీ వస్తుంది. ఇనుమైతే అరుగుతుంది, చెక్క మాత్రం పళ్లను పట్టుకుంటుంది. పట్టుకోగానే మిషన్ ఎగిరి మీదికొస్తుంది. చాలు.

వీళ్లందరికీ భక్తి లేదనుకుంటే పొరపాటు. దసరా నాడు విజయవాడ ఆటోనగర్‌కైనా మా వీధి చివరి షెడ్డుకైనా వెళ్లి చూడండి. ఆయుధ పూజ. మిషన్లన్నీ కడిగి, తుడిచి, వరసగా పీట మీద పెట్టి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. మూడేళ్లుగా ఆయిల్ చుక్క ఎరగని మోటారుకు బంతిపూల దండ. ఏజీ ఫోర్ మెడకు నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు. దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టారు, డిస్కు తగలకుండా కట్టాల్సింది ఏదని వెతికాను. దొరికింది. అమ్మవారి పటం ముందు బోర్లించి ఉంది, దాని స్క్రూ రంధ్రంలో అగరుబత్తులు వెలుగుతున్నాయి. ఏడాదంతా నిరుద్యోగిగా ఉన్న గార్డుకు ఆ ఒక్క రోజు దొరికిన కొలువు అది. నేను కూడా దండం పెట్టుకున్నాను. పటానికి కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2025 దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్లో, గ్రైండింగ్ జరిగే ప్రతి గదిలో రాయి ఎంత వేగం మించకూడదో బోర్డు రాసి పెట్టాలన్నారు. 35వ సెక్షన్లో కళ్లకు రక్షణ ఇవ్వాలన్నారు. చక్కటి చట్టం. కాకపోతే కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అని అందులోనే రాసుకున్నారు. 2025లో దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. మా షెడ్డులో ముగ్గురు. ముగ్గురికి ఆరు కళ్లు. ఆరు కళ్లకు చట్టం తెరవరు.

ఆరు అని అలవాటు కొద్దీ రాశాను.

ఆ రోజు గేటు దగ్గర పట్టీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నది ఆ కుర్రాడే. పదిహేడేళ్లు ఉంటాయేమో, మీసం ఇంకా సరిగా రాలేదు. నిప్పురవ్వలు పోయే దారిలోనే కూర్చోబెట్టారు, ఎందుకంటే పట్టీ ఆ చివర్నే పట్టుకోవాలి. మధ్యలో వాడు తల విదిలించి కన్ను నులుముకున్నాడు. మేస్త్రి మిషన్ ఆపి, అగ్గిపుల్లకు దూది చుట్టి, రెప్ప ఎత్తి నలక తుడిచాడు. ఎంతో నేర్పుగా. ఎన్ని కళ్లు తుడిస్తే వస్తుంది ఆ నేర్పు! "పోయింది లేరా, పట్టుకో" అన్నాడు. వాడు పట్టుకున్నాడు.

పోలేదు. మర్నాటికి కన్ను చింతనిప్పు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, నల్లగుడ్డు మీద ఇరుక్కున్న ఇనప రజను రాత్రికి రాత్రే తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు వలయం కట్టిందని చెప్పి, మందు చుక్కలు వేసి, బర్రు అనే చిన్న తిరిగే పరికరంతో గీకి తీశారు. అంటే గ్రైండింగే. కంటి మీద. ఇంకొంచెం మధ్యలో పడి ఉంటే చూపుకే మచ్చ మిగిలేదన్నారు. బయటికొచ్చాక షెడ్డు ఓనరుకు ఫోన్ చేశాను. "వాడి టైం బాలేదు సార్" అన్నాడు.

టైమా? వాడి టైమా? స్క్రూ విప్పింది ఎవరు, శనిగ్రహమా? వంద రూపాయల కళ్లజోడు కొనకుండా మూడేళ్లు వాయిదా వేసింది రాహువా కేతువా? పిల్లవాడి కన్ను ఖరీదు ఒక కటింగ్ డిస్కు కన్నా తక్కువని తేల్చిపెట్టి, ఆ తప్పును నక్షత్రాల మీదికి తోసేసి, హాయిగా దుకాణం తెరుచుకుని కూర్చుంటారా? డిస్కు విరిగితే కూలీలో కోస్తారు. కన్ను పోతే టైం. థూ.

ఇంకో మాట కూడా రాయాలి, రాయాలని లేదు. గార్డు ఏదని ఆ రోజు అడిగాను కదా. సమాధానం విన్నాక నేనేం చేశాను? నవ్వాను. పని ఆపమనలేదు. కూలీలో రెండు వందలు తగ్గించమని బేరమాడి, సాయంత్రం లోపు అయిపోవాలి, కార్లు లోపలికి రావాలి అన్నాను. ఆ పట్టీ తొందరగా తెగాలని తొందరపడింది మేస్త్రి ఒక్కడే కాదు. గేటు ఇప్పుడు దివ్యంగా ఉంది, చప్పుడు చేయకుండా తిరుగుతోంది.

వారం తర్వాత బజార్లో మంచి కళ్లజోడు ఒకటి కొన్నాను, కణతల పక్కల కూడా మూసి ఉండేది. షెడ్డుకు వెళ్లి కుర్రాడి చేతికిచ్చాను. వాడు సిగ్గుపడుతూ తీసుకున్నాడు, పెట్టుకుని బండి అద్దంలో చూసుకున్నాడు. నిన్న అటుగా వెళుతుంటే షెడ్డులో రవ్వలు ఎగురుతున్నాయి. ఈసారి మిషన్ వాడి చేతిలోనే ఉంది. కళ్లజోడు గోడకు మేకు మీద, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా వేలాడుతోంది.

"పెట్టుకోలేదేంరా?" అని అరిచాను.

వాడు మిషన్ ఆపి, బాగైన కన్నుతో నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"కొత్తవి కదా సార్. గీతలు పడతాయని."