నీలి మందు గారికి, మా ఏంజెల్ చేప తోక తరఫున

మహారాజశ్రీ మిథిలీన్ బ్లూ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం బీరువా మీద, మూత దగ్గర కాస్త కారుతూ, కులాసాగానే ఉన్నారు. అందుకే ఉభయకుశలోపరి అని రాయలేకపోతున్నాను, మన్నించాలి.

నిన్న ఆదివారం భోంచేసి కునుకు తియ్యాల్సిన వాణ్ణి, ప్లాస్టిక్ స్టూలు వేసుకుని అక్వేరియం ముందు రెండున్నర గంటలు కూర్చున్నాను. ఆ పనేదో మూడు వారాల కిందటే చేసి ఉంటే ఈ ఉత్తరం రాసే ఖర్మ పట్టేది కాదు.

మా పెద్ద ఏంజెల్ తోకకి ఒకరోజు పొద్దున్నే చిన్న గాటు కనిపించింది. అర్ధచంద్రం ఆకారం, ఎవరో బిస్కెట్ కొరికినట్టు. అంచు ఎక్కడా తెల్లబడలేదు, చీకిపోలేదు. ఫొటో తీసి చేపల షాపతనికి పంపాను. నీలం టిక్కులు పడీ పడకముందే జవాబు: "తోక కుళ్లు సార్. బ్లూ వెయ్యండి." చేపలు పెంచేవాళ్ల గ్రూపులో అడిగితే అక్కడా తమరి నామస్మరణే. తెల్ల చుక్కలకి బ్లూ, కడుపుబ్బరానికి బ్లూ, మేత ముట్టకపోతే బ్లూ, కొత్త చేప ఇంటికొస్తే దిష్టి తీసినట్టు నాలుగు చుక్కల బ్లూ. మా నానమ్మ కూడా వాము నీళ్లు తాగించే ముందు ఒకసారి నాలుక చాపమనేది.

తమరి పెద్దరికం కాదనను. పుట్టింది 1876లో. 1891కల్లా మలేరియా రోగుల మీద ప్రయోగించారు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేకపోయే ఒక జబ్బుకి ఇవాళ్టికీ ఆస్పత్రుల్లో తమరినే పిలుస్తారు. చేప గుడ్లకి బూజు పట్టకుండా కాయడంలో తమరి తర్వాతే ఎవరైనా. కానీ గుడ్లకి కాపలా కాసేవారిని కొరుకుడు కేసులో దర్యాప్తు అధికారిగా వేసిందెవరండీ?

నేనే. వేరే తొట్టిలో కూడా కాదు, పెద్ద ట్యాంకులోనే, ఫిల్టరు తిరుగుతుండగానే వేశాను. ఆ ఫిల్టరు స్పాంజిలో కంటికి కనపడని బాక్టీరియా కాపురముంటుంది. చేపల విసర్జనల్లోంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది అదే. ఆ కాపురం కుదురుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. కూల్చడానికి తమరికి ఐదు రోజులు. మంచిదా, చెడ్డదా అన్న తేడా తమరు చూడరు కదా, సమదర్శులు.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీళ్లలో అమ్మోనియా కొలిచే కిట్టు తీశాను. గొట్టంలో నీళ్లు పసుపుగా ఉంటే క్షేమం, ఆకుపచ్చకి తిరిగితే ప్రమాదం. ఆకుపచ్చగానే ఉంది. ఉండదా మరి? పసుపులో నీలం కలిస్తే ఏమవుతుందో మా ఒకటో తరగతి పిల్ల చెప్పింది, అదీ నవ్వుతూ. అది అమ్మోనియానా, నువ్వా? (ఇక మీరు, తమరు నావల్ల కాదు.) సగం నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేసి, రెండు రోజులు నీ రంగు దించాక మళ్లీ చూస్తే అప్పుడూ ఆకుపచ్చే. అప్పటికి తోక అంచు పాలు విరిగినట్టు తెల్లబడి, పాత చీర కొంగులా పీచులు పీచులుగా వేలాడుతోంది. తోక మొదలు దగ్గర ఎర్రటి నరాలు. అసలైన తోక కుళ్లు అంటే ఇదీ! లేని జబ్బుకి మందుగా వచ్చి, ఆ జబ్బునే తెచ్చిపెట్టావు కదరా నాయనా.

పైగా ఆఫీసులో, "మూడు వేళ్లకి సిరా ఏంటి సార్, రిగ్గింగా?" అని ఒకటే నవ్వులు.

ఇక నిన్నటి మధ్యాహ్నం సంగతి. ముందు ప్లాస్టిక్ మొక్కని అనుమానించాను. పాత మేజోడు ఆకుల మీద లాగి చూశాను, ఒక్క పోగూ చిక్కలేదు. పాపం, నిర్దోషి. మా బావగారైతే తొట్టి ఈశాన్యంలో లేదన్నారు. ఆయన్ని పక్కన పెట్టి కూర్చున్నాను. నలభయ్యో నిమిషంలో చారల చొక్కా వేసుకున్న టైగర్ బార్బ్ చేప ఒకటి మొక్క వెనకనుంచి వచ్చింది. ఏమీ ఎరగనట్టు పక్కనే ఈదింది. చటుక్కున తోక కొరికి వెళ్లిపోయింది. రెండో బార్బ్ అది చూసి నేర్చుకుంది.

"జతగా పెంచండి సార్" అని రెండే అంటగట్టాడు షాపతను. ఆరో ఎనిమిదో ఉంటే వాటిలో అవే కుమ్ములాడుకునేవి. రెండే కాబట్టి పక్కింటి మీద పడ్డాయి. పొడుగు రెక్కల ఏంజెల్ పక్కన అసలు పెట్టకూడని జాతి. నిన్న సాయంత్రమే సంచీలో కట్టి తిరిగిచ్చేశాను. "తోక ఎలా ఉంది సార్, బ్లూ వేశారా?" అన్నాడు. సంచీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

రోజూ కాసిని నీళ్లు మారుస్తున్నాను. చీకిన చోట గాజులాంటి కొత్త అంచు సన్నగా వస్తోంది. ట్యాంకు మూలల్లో సిలికాన్ మాత్రం నీలంగానే ఉండిపోయింది, అది ఇక పోదట.

ఇంకో మాట. చిన్న ఏంజెల్ పొద్దుటినుంచి ఫిల్టరు గొట్టాన్ని నోటితో పదే పదే తుడుస్తోంది, పెద్దదాన్ని కూడా దగ్గరకి రానివ్వట్లేదు. గుడ్లు పెట్టే వాలకమే. పెడితే కబురు పెడతాను. వేరే గిన్నెలో, చుక్కలు లెక్కపెట్టి. అందాకా మూత బిగించుకుని ఆ బీరువా మీదే కూర్చో.

ఇట్లు,
మూడు వేళ్లు ఇంకా నీలంగానే ఉన్నవాడు