మక్క మొక్కపై నిఘా

2020 మేలో తెలంగాణలో ఒక మొక్క నేరస్థుల జాబితాకెక్కింది. పేరు మక్క, అంటే మొక్కజొన్న. వానకాలంలో అది తలెత్తకూడదు, ఎత్తితే ఆ భూమికి సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, రైతుబంధు, బంద్ అని సాక్షాత్తూ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారే సెలవిచ్చారు. పత్తి ఇన్ని లక్షల ఎకరాలు, వరి ఇన్ని, కంది ఇన్ని అంటూ లెక్క కట్టి జిల్లాలకు పంచారు. దీని పేరు నియంత్రిత సాగు. మబ్బులకు కోటా పంపడం మాత్రం మరిచారు.

ఇక అమలు ఊహించండి. పిల్లలు కాల్చుకు తింటారని ఒక రైతు గట్టు పక్కన రెండు సాళ్లు మక్క పెట్టాడు. అధికారి వచ్చి మొక్క ముందు నిలబడతారు. నువ్వు మక్కవా, జొన్నవా? మొక్క నోరు విప్పదు. మొలకలో రెండూ ఒకేలా ఉంటాయి, తొందరపడితే అమాయకపు జొన్న బలైపోతుంది. కాబట్టి కంకికి పీచు వచ్చేదాకా కాపలా. వచ్చాక ఫొటో, పంచనామా, గట్టు కొలత. రైతుబంధు అప్పట్లో ఎకరాకు సీజన్‌కు 5,000 రూపాయలు, అంటే గుంటకు 125. రెండు సాళ్లకు ఎంత కోయాలి? ఈలోగా కోతి వచ్చి కంకి విరుచుకుపోతే సాక్ష్యం మాయం చేసిన కేసు ఎవరి మీద పెట్టాలి? దీనికి వేరే జీవో కావాలి.

నిబంధనను తు.చ. తప్పకుండా పాటించింది బీడు భూమి ఒక్కటే. ఏమీ వేయలేదు కాబట్టి మక్కా వేయలేదు. రైతుబంధుకు అప్పట్లో పాస్‌బుక్ ఉంటే చాలు, నాగలితో పనిలేకపోయింది.

ఆ అక్టోబరు వానలకు పత్తి నల్లబడింది. సర్కారు చెప్పిందని వేసిన సన్నరకం వరికి కొన్నిచోట్ల దోమపోటు తెగులు. డిసెంబరు 27న విధానాన్నే ఎత్తేశారు. ఏ పంట వేయాలో రైతే తేల్చుకోవాలట, ప్రభుత్వం వ్యాపార సంస్థ కాదట. మేలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదా?

ఇంతకీ రైతుబంధు ఎవరి ఖాతాలో పడేది? పట్టాదారు ఖాతాలో. మక్క వేస్తే పైసలు ఆగుతాయని ఆ పట్టాదారు హెచ్చరించేది ఎవరిని? ఒక్క రూపాయి కూడా అందని కౌలుదారుని. కౌలు కట్టేది అతను, విత్తనానికి అప్పు చేసేది అతను, పంట పోతే మునిగేది అతనే. పైసలు ఇచ్చేటప్పుడు సర్కారు అతన్ని రైతే కాదంది. అలాంటివాడి చేలో ఏం మొలవాలో చెప్పడానికి సిగ్గుండాలి!