పాత గోలీ గెలిచింది.. మన పీహెచ్‌సీ ఎక్కడుంది?

గుండె లయ తప్పే జబ్బులకు, గుండె వైఫల్యానికి (గుండె నెత్తురును సరిగా పంపు చేయలేని స్థితికి) కొత్త చికిత్సల వార్తలు వారానికొకటి వస్తూనే ఉన్నాయి. లయ తప్పించే గుండె కణాలను మాడ్చకుండా విద్యుత్ పల్స్‌లతో చంపే అబ్లేషన్, తీగలు లేని పేస్‌మేకర్, ఈసీజీ చూసి జబ్బును ముందే పసిగట్టే ఏఐ. మంచివే, కాదనను. కానీ నల్లగొండ, పాలమూరు రోగికి గత పదేళ్లలో అన్నిటికంటే అక్కరకొచ్చిన పరిశోధన ఏదని నన్నడిగితే వీటిలో ఒక్కటీ చెప్పను. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే పాత గోలీని కొత్త గోలీతో రోగుల మీద పోల్చి చూసి, 2022 ఆగస్టులో బయటికొచ్చిన ఇన్‌విక్టస్ ట్రయల్ పేరు చెబుతాను. ఆ ఫలితం డాక్టర్ల చెవిన పడింది గానీ వైద్య శాఖ ఫైళ్లలోకి ఇంకా ఎక్కలేదు.

కథ తెలిసిందే. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ వెనకే కీళ్లవాపు జ్వరం, ఏళ్లు గడిచాక గుండెలో ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటం ఇరుకు కావడం. ఒకే గదిలో పదిమంది సర్దుకునే ఇళ్లలో ఈ రుమాటిక్ జబ్బు ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువ. కవాటం ఇరుకైతే గుండె పైగది ఉబ్బి లయ తప్పుతుంది. దాన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పొట్టిగా ఏఎఫ్ అంటారు. ‘గుండె దడదడ కొట్టుకుంటుంది సారూ, నాలుగడుగులేస్తే దమ్మొస్తుంది’ అని వచ్చే వాళ్లలో వీళ్లూ ఉంటారు. ఉబ్బిన గదిలో నెత్తురు గడ్డకట్టి, అది మెదడుకెక్కితే పక్షవాతం. అందుకే గడ్డకట్టకుండా గోలీ ఇస్తారు. వార్ఫరిన్, లేదంటే మన దగ్గర విరివిగా రాసే ఎసిట్రోమ్.

ఈ పాత గోలీలతో తలనొప్పి ఏమిటంటే మోతాదు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. నెత్తురు ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష 2 నుంచి 3 మధ్య నిలబడాలి. తరచూ పరీక్ష చేయించుకోవాలి. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులు వచ్చాక ఈ తిప్పలు తప్పాయని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఊళ్లో ల్యాబ్ లేనివాళ్లకు ఇంతకంటే ఏం కావాలనిపించింది. ఒక్క చిక్కుంది. ఆ మందులను గెలిపించిన పెద్ద ట్రయల్స్‌లో మైట్రల్ కవాటం బాగా ఇరుకైన రోగులను చేర్చుకోనే లేదు. ఆ జబ్బు సంపన్న దేశాల్లో దాదాపు పోయింది కాబట్టి వాళ్లకు ఆ ప్రశ్నే రాలేదు.

ఆ ప్రశ్న వేసింది ఇన్‌విక్టస్. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో 24 దేశాలు, మన దేశం కూడా ఉంది. రుమాటిక్ గుండెజబ్బుతో ఏఎఫ్ ఉన్న నాలుగున్నర వేల మందికి పైగా రోగులు. సగటు వయసు 50 ఏళ్లు, నలుగురిలో దాదాపు ముగ్గురు ఆడవాళ్లు. రివరోక్సబాన్ తీసుకున్న 2,275 మందిలో 560 మందికి పక్షవాతమో, గుండెపోటో, మరణమో ఎదురైంది. పాత మందు తీసుకున్న 2,256 మందిలో ఆ సంఖ్య 446. పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొత్త మందు ఓడిపోయింది.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ తర్వాతి సంగతి. పాత మందు గెలిచింది ఐఎన్‌ఆర్ అద్భుతంగా నిలబడినందుకు కాదు. ట్రయల్ మొదట్లో ఐఎన్‌ఆర్ హద్దులో ఉన్నవాళ్లు మూడోవంతే. నెలనెలా పిలిచి చూస్తుంటే అది 56 నుంచి 65 శాతం దాకా పెరిగింది. అంత అరకొర నియంత్రణతోనే గెలిచింది. పైగా మరణాల్లో తేడా పక్షవాతం వల్ల వచ్చింది కొంచెమే. గుండె వైఫల్యంతో పోయినవాళ్లు, హఠాత్తుగా పోయినవాళ్లు పాత మందు గుంపులో తగ్గారు. నెత్తురు పలచన చేసే గోలీ గుండె వైఫల్యాన్ని ఎలా ఆపింది? కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా లేదు. ఐఎన్‌ఆర్ కోసం నెలనెలా వచ్చిన రోగిని ఎవరో ఒకరు చూశారు, కాళ్ల వాపు చూశారు, మందులు అడిగారు, అదే కాపాడి ఉండొచ్చన్నది ఒక వివరణ. రుజువు కాలేదు. నాకైతే ఇంతకంటే నమ్మదగ్గది కనిపించడం లేదు.

ఇంకో దిక్కు నుంచి దీనికి బలం చేకూరుతోంది. అదే 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ ట్రయల్ 14 దేశాల్లో 1,078 మంది గుండె వైఫల్య రోగుల మీద జరిగింది. మొజాంబిక్, నైజీరియా లాంటి పేద దేశాలూ అందులో ఉన్నాయి. వాడినవి కొత్త మందులేం కావు, ఎప్పటినుంచో ఉన్నవే. మార్చింది పద్ధతిని. డిశ్చార్జి తర్వాత 1, 2, 3, 6 వారాలకు పిలిచి, రక్తపరీక్ష చూసి, రెండు వారాల్లో మోతాదును పూర్తిస్థాయికి పెంచారు. ఆరు నెలల్లో మరణం గానీ, గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రిలో చేరడం గానీ మామూలు పద్ధతిలో 23.3 శాతం ఉంటే, ఇలా పిలిచిన వాళ్లలో 15.2 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. మన దేశ జాతీయ గుండె వైఫల్య రిజిస్ట్రీ 53 ఆసుపత్రుల్లో 10,851 మంది లెక్క తీసింది. 90 రోజుల్లో చనిపోయినవాళ్లు 14.2 శాతం. లెక్కలోకి వచ్చిన రోగులందరి సగటు వయసు 60 దాటలేదు. ఇంటికి పంపేశాక జరిగేదాన్ని ఎవరూ పట్టించుకోని దేశంలో ఈ అంకె చూసి ఆశ్చర్యపోవడానికేముంది?

ఎసిట్రోమ్ వాడే మనిషి ఫైలు ఒకసారి తెరిచి చూడండి. ఎక్స్‌రే కవరులో ఎకో రిపోర్టు, గీతలు వెలిసిపోయిన ఈసీజీ కాగితం. చిన్న నోటుబుక్కులో డాక్టరు చేతిరాత: సోమ, బుధ, శుక్ర ఒక గోలీ, తక్కిన రోజులు సగం. చదువురాని మనిషి ఆ సగం గోలీని బ్లేడుతో కోసుకుంటూ ఏళ్ల తరబడి లెక్క తప్పకూడదు. వానాకాలం వచ్చి చేనుగట్ల మీద తోటకూర, గోంగూర దండిగా దొరికితే మందు పని తగ్గి ఐఎన్‌ఆర్ కిందికి పడుతుంది. ‘ఆకుకూరలు మానెయ్’ అని పంపించడం తేలిక. రోజూ ఇంచుమించు ఒకే పాటిగా తినాలని కూర్చోబెట్టి చెప్పడానికి ఒక మనిషి కావాలి.

ఇంక సూదుల సంగతి. పత్తి ఏరి ఏరి నడుము, నాట్లేసి మోకాళ్లు పట్టేస్తే ఊళ్లో దొరికే వైద్యం ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ సూది. ఎసిట్రోమ్ వాడేవాళ్లకు అది కడుపులో రక్తస్రావం తెచ్చే ప్రమాదం ఉంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు అది ఒంట్లో ఉప్పును, నీళ్లను పట్టి ఉంచి కాళ్ల వాపును, ఆయాసాన్ని పెంచుతుంది. ‘అవ్వా, మోకాళ్లకు సూదేమన్న ఏయించుకున్నవా?’ అని ఏఎన్ఎం అడిగితే ‘ఔ బిడ్డా, నొప్పికి ఉంటలేను, మొన్ననే ఏయించుకున్న’ అనే మాట వస్తుంది. హైదరాబాద్ కార్డియాలజిస్టు ముందు ఆ మాట రాదు. ఆయనకు అడిగే తీరిక ఉండదు, ఈమెకు చెప్పే చొరవ ఉండదు.

పరీక్ష లేకుండా మందు ఒక్కటే పంచితే ఏమవుతుందో కూడా తెలుసు. స్పైరోనోలాక్టోన్ అనే చవక గోలీ తీవ్రమైన గుండె వైఫల్యంలో మరణాలను 30 శాతం తగ్గిస్తుందని 1999లో రేల్స్ ట్రయల్ చెప్పింది. కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు ఎగబడి రాశారు. రక్తంలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరికలు, మరణాలు ఎక్కువయ్యాయని 2004లో లెక్క తేలింది. ట్రయల్‌లో పొటాషియంను క్రమం తప్పకుండా చూశారు. బయట అంత శ్రద్ధ లేదు. కెనడాలోనే అట్లయితే దేవరకొండలో, అచ్చంపేటలో సంగతేంటి?

ఇప్పుడు ఆరోగ్యశ్రీ దగ్గరికొద్దాం. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. పాలమూరు జనం అప్పు చేయకుండా కవాటం ఆపరేషన్ చేయించుకున్నది దాంతోనే, ఆ మేలును తక్కువ చేయను. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ పథకం తీరు మొదటినుంచీ ఆపరేషన్ చుట్టూనే. ఫాలో-అప్ ప్యాకేజీలు ఉన్నాయి, అవి ఏడాది లెక్కన ఇచ్చేవి. లోహపు కవాటం వేసిన మనిషి బతికున్నంత కాలం వార్ఫరిన్ మింగాలి. లక్షలు పోసి కవాటం వేయించి, వందల రూపాయల పరీక్ష దగ్గర చేతులెత్తేయడాన్ని పొదుపు అనలేం.

ఎదుటివాళ్ల మాటా వినాలి. పీహెచ్‌సీలో ఉన్న ఒక్క డాక్టరు జ్వరాలు చూడాలా, ఐఎన్‌ఆర్ చూడాలా అంటారు. సబబే. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి పశ్చిమ గోదావరి పల్లెల్లో చేసిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగంలో రక్తపోటు చెప్పుకోదగ్గంత తగ్గలేదనీ గుర్తుచేస్తారు. అదీ నిజమే. కవాటం జబ్బు లేని ఏఎఫ్‌కు కొత్త మందులే మేలని 2011 నాటి అరిస్టాటిల్ ట్రయల్ ఎప్పుడో తేల్చింది, వాళ్లను ఐఎన్‌ఆర్ చుట్టూ తిప్పమని నేనూ అనడం లేదు. కానీ ట్యాబ్ ఇచ్చి పంపడం వేరు, పరీక్ష చేసి అదే వారం మోతాదు మార్చడం వేరు. స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ చేసింది రెండోది. పీహెచ్‌సీ నుంచి రక్త నమూనాలు తీసుకెళ్లే టీ-డయాగ్నోస్టిక్స్ (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం) బండ్లు జిల్లా కేంద్రానికి తిరుగుతూనే ఉన్నాయి. ఐఎన్‌ఆర్‌కు వాడే నీలం మూత గొట్టం గీత దాకా నింపి పంపితే చాలు, నమూనా మామూలు గది వేడిలో 24 గంటలు ఆగుతుంది. ప్రతి పీహెచ్‌సీ నుంచీ ఆ గొట్టం నెలనెలా వెళ్లేలా చూడటానికి కొత్త భవనం కట్టక్కర్లేదు.

అసలు నా బాధ ఇంకాస్త పెద్దది. మన జిల్లాల రోగులు పరిశోధనలో అంకెలవుతారు గానీ ప్రశ్న మనది కాదు. చేతగాకనా అంటే కాదు. హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్లు ఉన్నాయి. 1987 నుంచి 1990 దాకా వాటిలో కొన్ని ఊళ్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు, తక్కిన ఊళ్లలో పెట్టలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలను వెతికి పట్టుకుని రక్తనాళాలు పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లల నాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చేసింది. అంగన్‌వాడీ గిన్నెకూ గుండెకూ ఉన్న లంకెను ప్రపంచానికి చూపించింది మన పల్లెలే. అంతకు ముందు 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది. టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లిందా పేరు. మా బొక్కలు వంకరపోయాయి కాబట్టి ఆ ప్రశ్న పుట్టింది. మా గుండెలు లయ తప్పుతుంటే ప్రశ్న పుట్టకూడదా?

ఇప్పుడు సాకు కూడా లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. గద్వాల, నారాయణపేటకూ వచ్చేశాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. కాలేజీకి శిలాఫలకం వేసినప్పుడు పోటీపడే నేతలు ఆ కాలేజీ ఏం పరిశోధిస్తోందని ఒక్కసారి అడిగిన దాఖలా నేనెరగను. పీజీ థీసిస్‌ల సంగతి లోపలి వాళ్లకు తెలిసిందే: వార్డులో దొరికిన వంద కేసుల పట్టిక, చివర్లో ‘మరింత పెద్ద అధ్యయనం అవసరం’.

ఆ పెద్ద అధ్యయనం ఇదే ఎందుకు కాకూడదు? పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పీహెచ్‌సీల పేర్లతో చీటీలు తీయండి. సగం చోట్ల నెలకో రోజు గుండె రోగుల కోసం కేటాయించండి: బరువు, బీపీ, నాడి, కాళ్ల వాపు, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, అవసరమైన వాళ్లకు ఐఎన్‌ఆర్, జిల్లా ఆసుపత్రి ఫిజీషియన్‌తో ఫోన్లో మాట్లాడి అదే వారం మోతాదు మార్పు. తక్కిన సగం చోట్ల ఇప్పుడు నడుస్తున్నదే నడవనివ్వండి. ఏడాదికి ఎంతమంది మిగిలారో, ఎంతమంది మళ్లీ చేరారో లెక్కపెట్టండి. ఇన్‌విక్టస్ తేల్చకుండా వదిలేసిన ప్రశ్నకు, పిలుపు ఒక్కటే ప్రాణం కాపాడుతుందా అన్నదానికి, జవాబు ఇక్కడ దొరుకుతుంది.

చీటీలు తీసేటప్పుడు బొంబాయి బస్సెక్కే వాళ్లను వదిలేయొద్దు. కోస్గి, నారాయణపేట వైపు తండాల నుంచి పనికి పోయే కుటుంబాల్లో కీళ్లవాపు జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది పడాల్సిన పిల్లలు ఉంటారు, ఐఎన్‌ఆర్ చూపించుకోవాల్సిన తల్లులూ ఉంటారు. అక్కడి ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి పంపితే ఇక్కడి నుంచి మోతాదు చెప్పే ఒక నంబరు ఉండాలి. పాలమూరులో ట్రయల్ అంటే వలసను కూడా లెక్కలో పెట్టాల్సిందే.

ప్రోటోకాల్ రాయడానికి సూపర్ స్పెషలిస్టు అక్కర్లేదు. జనరల్ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు ఒక మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మొదటి చిత్తుప్రతి వస్తుంది. వచ్చే పీజీ బ్యాచ్ థీసిస్ అంశాలు ఎంచుకునేలోగా అది ఎథిక్స్ కమిటీ ముందుండాలి.